ఆర్ ప్యాకేజీకి ఇన్‌స్టాలేషన్ పేజీ: సిస్టమ్ డిపెండెన్సీలను ఎలా రాయాలి

ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషకు ప్యాకేజీ రాసినవాళ్ల మెషీన్‌లో అన్నీ ఉంటాయి. ఎప్పుడో ఇంకో పని కోసం వేసుకున్న కంపైలర్, హెడర్ ఫైళ్లు (లైబ్రరీలో ఏమున్నాయో కంపైలర్‌కు చెప్పేవి), లైబ్రరీలు అలాగే ఉండిపోతాయి కాబట్టి, ప్యాకేజీ వాటి మీద ఆధారపడుతోందన్న సంగతే కనపడదు. కొత్తగా దించుకున్నవాళ్లకు మాత్రం మొదటి కమాండ్‌కే ఎర్రర్ వస్తుంది. అందుకే ఇలాంటి బయటి సాధనాలను, అంటే సిస్టమ్ డిపెండెన్సీలను చెప్పే ఇన్‌స్టాలేషన్ పేజీని గుర్తున్నంతవరకు రాసేసి వదలకండి. ఏమీ లేని మెషీన్‌లో ఒక్కొక్కటే వేసుకుంటూ రాయండి.

ఇందుకు డాకర్‌లో (ప్రోగ్రాములను విడి కంటైనర్‌లో నడిపే సాధనం) ఆర్ కోసం ఇమేజ్‌లు తయారుచేసే రాకర్ ప్రాజెక్ట్ వాళ్ల ఆర్-వెర్ ఇమేజ్ సరిపోతుంది. లేటెస్ట్ అనే ట్యాగ్ కాకుండా 4.4.1 లాంటి కచ్చితమైన వెర్షన్ ట్యాగ్ తీసుకోండి. మీ ప్యాకేజీని సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేయండి. ఎక్కడ ఆగితే అక్కడ లేనిదేదో చూసి, అదొక్కటే వేసి, వచ్చిన ఎర్రర్‌నూ వేసిన కమాండ్‌నూ పక్కపక్కన రాసుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఆ ఇమేజ్ మామూలుగా పోజిట్ ప్యాకేజ్ మేనేజర్ అనే రెపాజిటరీ నుంచి ముందే కంపైల్ చేసిన బైనరీలను తెస్తుంది. దాంతో మీ ప్యాకేజీకి కావలసిన ఇతర ప్యాకేజీలు సోర్స్ నుంచి కట్టడానికి ఏ హెడర్లు అడుగుతాయో బయటపడదు. రెపాజిటరీని మామూలు క్రాన్ (ఆర్ ప్యాకేజీల ప్రధాన రెపాజిటరీ) మిర్రర్‌కు మార్చి ఇంకోసారి చేయండి. రెండోది, సీ++, ఫోర్‌ట్రాన్ కంపైలర్లు, మేక్ (కంపైల్ పనిని నడిపే సాధనం) అందులో ముందే ఉంటాయి. మీకు అవి అవసరమైతే జాబితాలో మీరే చేర్చాలి.

ప్యాకేజీ వివరాలుండే డిస్క్రిప్షన్ ఫైల్‌లో ఇంపోర్ట్స్, లింకింగ్‌టు కింద రాసినవాటిని ఆర్ తనంతట తానే తెస్తుంది. సజెస్ట్స్ కింద ఉన్నవాటిని అడిగితేనే తెస్తుంది. విన్యెట్ (ప్యాకేజీతో వచ్చే ఉదాహరణల వ్యాసం) నడవాలంటే అవి కావాలనుకోండి, ఇన్‌స్టాల్ కమాండ్‌లో డిపెండెన్సీస్ = ట్రూ అని పెట్టమని చెప్పండి. అదే ఫైల్‌లోని సిస్టమ్‌రిక్వైర్‌మెంట్స్ సంగతి వేరు. అది స్వేచ్ఛగా రాసే వాక్యం మాత్రమే. అందులో రాసిన లైబ్రరీలు ఉన్నాయో లేదో ఆర్ సరిచూడదు, వాటిని ఇన్‌స్టాల్ చేయదు. అయినా దాన్ని ఖాళీగా వదలొద్దు. పాక్ లాంటి ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే సాధనాలు ఆ వాక్యాన్ని చదివే ఏ ఉబుంటు ప్యాకేజీ కావాలో పోల్చుకుంటాయి. జీఎన్‌యూ సైంటిఫిక్ లైబ్రరీ కావాలంటే ఉత్త ‘జీఎస్ఎల్’ అని వదిలేయకుండా, ఆ లైబ్రరీకి కనీస వెర్షన్, డెబియన్ పేరు, ఆర్‌పీఎం పేరు (ఫెడోరా లాంటివాటిలో వాడేది) మూడూ ఇవ్వండి. కంపైల్ సెట్టింగులుండే మేక్‌వార్స్ ఫైల్‌లో జీఎన్‌యూ మేక్‌కు మాత్రమే తెలిసిన సింటాక్స్ వాడితే, ‘జీఎన్‌యూ మేక్’ అని అక్కడ ప్రకటించడం తప్పనిసరి.

అసలు తిప్పలన్నీ పేర్ల దగ్గరే. డెబియన్, ఉబుంటుల్లో లిబ్‌జీఎస్ఎల్-డెవ్ అనేదాన్ని ఫెడోరాలో జీఎస్ఎల్-డెవెల్ అంటారు. లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్ అక్కడ ఓపెన్‌ఎస్ఎస్ఎల్-డెవెల్ అవుతుంది. చివరి ‘డెవ్’ లేని ప్యాకేజీలో నడిచే లైబ్రరీ ఉంటుంది గానీ హెడర్లు ఉండవు. అది వేసుకున్నవాళ్లు ‘లైబ్రరీ ఉంది కదా, ఇంకా ఎర్రర్ ఎందుకొస్తోంది?’ అని తల పట్టుకుంటారు. కాబట్టి కంపైల్ చేయడానికి ఏం కావాలి, కంపైల్ అయినదాన్ని నడపడానికి ఏం కావాలి అన్నవి రెండు వేర్వేరు జాబితాలుగా ఇవ్వండి. బైనరీని నేరుగా సర్వర్ మీద పెట్టేవాళ్లకు రెండోదే కావాలి.

ఎర్రర్లకు విడిగా ఒక విభాగం పెట్టండి. ఈ పేజీలో ఎక్కువ మంది వెతుక్కునేది అదే. లాగ్ చివర కనిపించే ‘నాన్-జీరో ఎగ్జిట్ స్టేటస్’ అన్న లైన్‌తో ఏమీ తేలదు. పైకి వెళ్లి మొట్టమొదటి ఎర్రర్‌ను చూడమనండి. డాట్-హెచ్ ఫైల్ పేరు పక్కన ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని ఉంటే డెవ్ ప్యాకేజీ లేదని అర్థం. ‘కెనాట్ ఫైండ్’ తర్వాత మైనస్-ఎల్‌తో మొదలయ్యే పేరు కనిపిస్తే కంపైల్ అయింది, లైబ్రరీలను కలిపే లింకర్ దగ్గర ఆగింది. ‘అనేబుల్ టు లోడ్ షేర్డ్ ఆబ్జెక్ట్’ అంటే చాలాసార్లు నడిచేటప్పుడు కావలసిన లైబ్రరీ దొరకలేదని. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాక మ్యాప్ డేటా చదివే జీడాల్ లాంటి లైబ్రరీ ఫైల్ పేరులోని సంఖ్య మారితే, నిన్నటిదాకా నడిచిన ప్యాకేజీకీ ఇదే వస్తుంది. మళ్లీ కంపైల్ చేయడమే మందు. సీ++ కంపైలర్‌లోని సీసీ1ప్లస్ ప్రాసెస్ ‘కిల్డ్’ అని ఆగితే ముందుగా అనుమానించాల్సింది మెమరీని. మేక్‌ఫ్లాగ్స్‌లో జే విలువను (ఒకేసారి నడిచే కంపైల్ పనుల సంఖ్య) 1కి తగ్గించమని రాయండి.

విండోస్ గురించి క్లుప్తంగా చాలు. క్రాన్‌లో బైనరీ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. సోర్స్ నుంచి సీ కోడ్ కట్టాలంటే ఆర్ వెర్షన్‌కు సరిపోయే ఆర్‌టూల్స్ కావాలి: 4.4కు ఆర్‌టూల్స్44, 4.5కు ఆర్‌టూల్స్45. మ్యాక్‌లో ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ వేసినా ఫోర్‌ట్రాన్ రాదు, దాన్ని వేరే వేసుకోవాలి. హోంబ్రూ (మ్యాక్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకునే సాధనం) లైబ్రరీలు యాపిల్ చిప్ ఉన్నవాటిలో ఆప్ట్ కింద హోంబ్రూ ఫోల్డర్‌లో, ఇంటెల్ మ్యాక్‌లలో యూఎస్ఆర్ కింద లోకల్ ఫోల్డర్‌లో ఉంటాయి. కంపైల్‌కు ముందు నడిచే మీ కాన్ఫిగర్ స్క్రిప్ట్‌లో దారిని నేరుగా రాసేస్తే రెండింట్లో ఒకచోట విఫలమవుతుంది. లైబ్రరీ ఎక్కడుందో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్‌ను అడగండి.

ఆ కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ను డాక్యుమెంటేషన్‌లో భాగంగానే చూడాలి. పేజీ తెరవకుండానే ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టేవాళ్లే ఎక్కువ. లైబ్రరీ దొరకనప్పుడు స్క్రిప్ట్ అక్కడే ఆగి, ఉబుంటులో ఇది వేయండి, ఫెడోరాలో ఇది, మ్యాక్‌లో ఇది అని 3 లైన్లు చూపిస్తే చాలామంది పని అక్కడే అయిపోతుంది.

పేజీలోని కమాండ్లను అక్షరం మార్చకుండా గిట్‌హబ్ యాక్షన్స్‌లో (కమాండ్లను వాటంతట అవే నడిపే సేవ) వారానికోసారి ఖాళీ ఇమేజ్ మీద నడపండి. డిస్ట్రిబ్యూషన్‌లో ఏ ప్యాకేజీ పేరు మారినా వాడేవాళ్లకంటే ముందు మీకే తెలుస్తుంది. పేజీ పైన ఏ ఆర్ వెర్షన్‌తో, ఏ డిస్ట్రిబ్యూషన్ మీద, ఏ తేదీన పరీక్షించారో రాయండి. ఫిర్యాదు రాసేవాళ్లను ఆర్, ప్యాకేజీల వెర్షన్లు చూపే సెషన్‌ఇన్ఫో ఇచ్చే అవుట్‌పుట్, మొదటి లైన్ నుంచి పూర్తి లాగ్ జతచేయమని అడగండి.