పక్క సీట్లో కూర్చునే అమ్మానాన్నలకి: పిల్లలకి కారు నేర్పే పద్ధతి

డ్రైవింగ్ స్కూల్లో కోర్సు పూర్తి చేసి, రోడ్డు మీద బాగానే నడిపాననే ధీమాతో వచ్చిన పిల్లలు ఇంటి కారు ఎక్కగానే గేటు దాటకముందే మూడుసార్లు ఇంజన్ ఆపేస్తారు. తప్పు పిల్లలది కాదు. స్కూలు బండిలో సారు కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. బండి కుదుపు లేకుండా కదిలిన ప్రతిసారీ క్లచ్ ఎవరు నొక్కారో నేర్చుకునేవాళ్లకి తెలియదు. స్టీరింగు పట్టుకోవడం, ట్రాఫిక్ భయం పోవడం అక్కడ బాగానే వస్తాయి. కాళ్ల పని మాత్రం ఇంట్లోనే నేర్పాలి.

మొదలుపెట్టే ముందు కాగితాల సంగతి. కారుకి 18 ఏళ్లు నిండాలి. పదహారేళ్లకి గేర్లు లేని బండికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకి ముందుగా ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) ఇస్తారు గదా అని స్కూటీ తాళం ఇచ్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వెసులుబాటు 50 సీసీ లోపు బండికే. వీధిలో తిరిగే యాక్టివాలు, జూపిటర్లు 110 సీసీవి, కాబట్టి వాటికి వర్తించదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనరు బండి నడిపితే తల్లిదండ్రులకి లేదా బండి ఓనరుకి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. కాలనీ లోపలే కదా అనే మాట ఇక్కడ చెల్లదు.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు పనిచేస్తుంది. అది వచ్చిన 30 రోజులకి గాని పక్కా లైసెన్సు టెస్టుకి వెళ్లడానికి వీల్లేదు. ఈలోగా రోడ్డెక్కాలంటే పక్కన ఆ తరగతి లైసెన్సు ఉన్నవాళ్లు, బండిని ఆపగలిగేలా కూర్చుని ఉండాలి. ముందూ వెనకా తెల్లటి బోర్డు మీద ఎర్రటి ‘ఎల్’ ఉండాలి. బోర్డు 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు. స్కెచ్ పెన్నుతో కాగితం మీద రాసి అద్దానికి అతికిస్తే వెనక వచ్చే లారీవాడికి కనపడదు. కనపడితే మాత్రం అతను కాస్త దూరం పాటిస్తాడు, ఆ లాభం మనకే.

మొదటి పాఠం: ఎక్స్‌లేటర్ ముట్టుకోవద్దు

ఖాళీ మైదానమో, ఇళ్లు పడని వెంచర్ రోడ్డో చూసుకోండి. నేల చదునుగా ఉండాలి, వాలు పనికిరాదు. సీటు ముందుకి జరిపి, క్లచ్ పూర్తిగా నొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేలా పెట్టించండి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాచితే మణికట్టు స్టీరింగు పైఅంచుకి తగలాలి. కాళ్లకి మందపాటి అడుగున్న చెప్పులు వద్దు, పల్చటి బూట్లు మేలు. వాటర్ బాటిలు డోరులో కాకుండా కాళ్ల దగ్గర ఉంటే తీసేయండి. అది దొర్లి బ్రేకు కిందికి పోతే బ్రేకు పడదు.

క్లచ్ పూర్తిగా నొక్కి, మొదటి గేరు వేసి, హ్యాండ్‌బ్రేక్ దించి, బ్రేకు మీద నుంచి కాలు తీసేయమనండి. ఇప్పుడు ఎడమ మడమ నేలకి ఆనించి, పాదం ముందుభాగాన్ని మాత్రమే పైకి తేవాలి. ఒక చోట ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, బానెట్ ఒక వెంట్రుకవాసి లేస్తుంది. కాలు అక్కడే ఆగాలి, రెండు మూడు సెకన్లు. బండి దానంతటదే నడక వేగంతో కదులుతుంది. పూర్తిగా కదిలాక మిగతా క్లచ్ వదలాలి. పది మీటర్లు పోయి క్లచ్, బ్రేకు రెండూ నొక్కి ఆపాలి. మళ్లీ మొదటినుంచి. ఓ గంటసేపు ఇదే. విసుగ్గానే ఉంటుంది, అయినా రెండో గేరు ఆశపెట్టి దీన్ని కుదించకండి.

ఇంజన్ ఆగిపోతోందంటే దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం: మడమ నేల మీద లేదు, మోకాలితో కాలు మొత్తం ఎత్తేస్తున్నారు. కిందికి వంగి ఆ మడమ ఒక్కటి చూడండి, సగం సమస్య అక్కడే కనిపిస్తుంది. ఎక్స్‌లేటర్ ముందే నేర్పితే పిల్లలు ఇంజన్ ఆగుతుందన్న భయంతో దాన్ని గట్టిగా తొక్కి, హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగమే వదిలి, బండిని ఈడ్చడం అలవాటు చేసుకుంటారు. మాడిన వాసన వస్తే అది క్లచ్ ప్లేటు. ఇంజన్ ఆపి, పావుగంట చల్లారనివ్వండి. ఆటోమేటిక్ కారైతే ఈ పాఠం అక్కర్లేదు గాని, ఎడమకాలు పక్కన పెట్టేసి కుడికాలితోనే బ్రేకు, ఎక్స్‌లేటర్ రెండూ నొక్కించండి. రెండు కాళ్లతో నేర్చుకుంటే కంగారులో రెండూ ఒకేసారి పడతాయి.

తర్వాత బ్రేకు. ఆపాలనగానే పిల్లలు ముందు క్లచ్ తొక్కుతారు. అప్పుడు చక్రాలకి ఇంజన్ పట్టు పోయి బండి జారినట్టు ముందుకి పోతుంది. మూడో గేరులో 40లో ఉంటే ముందు బ్రేకే. ఇంజన్ వణికే ముందు, దాదాపు చివర్లో, క్లచ్. ఈ క్రమం పాదాలకి ఎక్కాక గాని రోడ్డు ఎక్కించకండి.

మీ నోరు, మీ చెయ్యి

నేర్పేవాళ్ల తప్పుల్లో పెద్దది ‘‘ఆపు ఆపు ఆపు!’’ అని అరవడం. కంగారులో పిల్ల ఏ కాలు నొక్కుతుందో ఎవరూ చెప్పలేరు. మాటలు ముందే కుదుర్చుకోండి. ‘ఆపు’ అంటే నిజంగా ఆపడం, ఇంకే అర్థంలోనూ ఆ మాట వాడకూడదు. ‘నెమ్మది’ అంటే ఎక్స్‌లేటర్ వదలడం. కుడీ ఎడమా అంటే హడావుడిలో తిరగబడతాయి కాబట్టి ‘నీ వైపు’, ‘నా వైపు’ అనండి. చెప్పేటప్పుడు చోటు ముందు, పని తర్వాత: ‘‘ఆ మెడికల్ షాపు దాటాక, నా వైపు తిరుగు.’’ తిప్పు అన్న మాట ముందొస్తే స్టీరింగు అక్కడే తిరిగిపోతుంది.

మీ కుడిచెయ్యి ఎప్పుడూ హ్యాండ్‌బ్రేక్ మీద ఉండాలి. హ్యాండ్‌బ్రేక్‌కి చేత్తో లాగే లివరుండే కారైతేనే నేర్పడానికి బాగుంటుంది. ఇరవై లోపు వేగంలో దాన్ని లాగి ఆపవచ్చు. అంతకు మించిన వేగంలో లాగితే వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి పక్కకి తిరుగుతుంది, అందుకే వేగం పెరిగాక మీ ఆయుధం మాటే. స్టీరింగు లాక్కోవద్దు, అవతల చేతులు వదలవు.

తిట్టాల్సి వస్తే బండి ఆపించి తిట్టండి. చిన్నప్పటి మార్కుల ప్రస్తావన అప్పుడు కూడా వద్దు.

కళ్లు

కొత్తవాళ్లు బానెట్ అంచు చూసి నడుపుతారు. బండి పాములా ఊగేది అందుకే. దూరంగా, వంద మీటర్ల అవతల, వెళ్లాల్సిన చోటు చూడమంటే చేతులు వాటంతటవే సర్దుకుంటాయి. దూరం లెక్క ఒకసారి ఇంట్లో కాగితం మీద వేసి చూపించండి. 40 వేగంలో సెకనుకి 11 మీటర్లు. చూసి తేరుకోవడానికి ఒక సెకను, పొడి రోడ్డు మీద బ్రేకుకి మరో 9 మీటర్లు, మొత్తం దగ్గరదగ్గర 20. అదే 60లో 36, 37 దాకా పోతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే దూరం దాదాపు రెట్టింపు. పిల్లలు ఈ లెక్కని హితబోధ కంటే తొందరగా నమ్ముతారు.

ఆగి ఉన్న బస్సు ముందు నుంచి మనిషి వస్తాడని, డివైడరు సందు దగ్గర యూటర్న్ బండి మూతి పెడుతుందని, రాంగ్ రూట్లో బైకు ఎడమ అంచునే వస్తుందని నడిపేవాళ్లకి ముందే తెలియాలి. ఇది మీరు నడుపుతున్నప్పుడే నేర్పవచ్చు. పక్కన కూర్చోబెట్టి, ఫోను పక్కన పెట్టించి, ‘‘ఇప్పుడు ఎటునుంచి ఏమొస్తుంది చెప్పు’’ అని అడుగుతూ పోండి. ఎల్‌ఎల్‌ఆర్ రాకముందే ఇది మొదలుపెట్టవచ్చు, పెట్రోలు ఖర్చు లేని పాఠం.

వాలులో గేరు తీసేసి న్యూట్రల్‌లో దొర్లించడం ఇళ్లల్లో పెద్దలు నేర్పే చెడ్డ అలవాటు. ఇప్పటి ఇంజన్లలో గేరు ఉండగా ఎక్స్‌లేటర్ వదిలితే ఇంధనం ఆగిపోతుంది, న్యూట్రల్‌లో మాత్రం ఐడిల్‌కి తాగుతూనే ఉంటుంది. ఆదా లేకపోగా ఇంజన్ పట్టూ పోతుంది.

టెస్టు

టెస్టులో కారుని ‘హెచ్’ అక్షరం ఆకారపు దారిలో, బైకుని ‘ఎనిమిది’ అంకె ఆకారపు దారిలో నడపాలి. హెచ్‌లో తప్పేది రివర్సులోనే. పిల్లలు స్టీరింగు ఆలస్యంగా తిప్పి, ఆపైన ఎక్కువ తిప్పేస్తారు. చాలా చిన్న కార్లలో మధ్యనుంచి ఒక పక్కకి పూర్తిగా తిరగడానికి ఒకటిన్నర చుట్టు పైచిలుకు పడుతుంది. మీ కారులో ఎన్నో లెక్కపెట్టించి, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు స్టీరింగు మీద గుర్తు ఎక్కడుందో గమనింపజేయండి. మైదానంలో నాలుగైదు ఖాళీ పెయింటు డబ్బాలు పెట్టి, ఎక్స్‌లేటర్ ముట్టుకోకుండా క్లచ్‌తోనే, నడక కంటే నెమ్మదిగా వెనక్కి తెప్పించండి. నెమ్మదిగా కదిలే బండిలో చేతులకి సమయం దొరుకుతుంది. టెస్టు తప్పితే వారం తర్వాత మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. టెస్టు ముందురోజు కొత్త కారులో నేర్పకండి, ఏ బండితో టెస్టుకి వెళ్తారో ఆ బండే చేతికి అలవాటవ్వాలి.

లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన రాత్రి ప్రయాణాలు, వాన, హైవే ఒకేసారి వద్దు. ఒక్కొక్కటీ మొదటిసారి మీరు పక్కన ఉండగానే చేయించండి. రాత్రి ఎదుటి బండి హైబీమ్ కళ్లలో కొడితే దాన్ని చూడకుండా రోడ్డు ఎడమ అంచు చూడమనండి. వానలో అండర్‌పాస్ దగ్గర నీటి లోతు తెలియకపోతే దిగవద్దు. దిగి ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయవద్దు, నీరు లోపలికి లాగి ఇంజన్ పగిలిపోతుంది. దింపి నెట్టించడమే. కోతల రోజుల్లో ఊళ్లకి పంపేటప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్ల సంగతి చెప్పండి. గింజల మీద టైరు పట్టదు, చుట్టూ కాపలాగా పెట్టిన రాళ్లు చీకట్లో కనపడవు. అలాంటి చోట దూరం నుంచే వేగం తగ్గించి, బ్రేకు గట్టిగా నొక్కకుండా, స్టీరింగు తిప్పకుండా దాటాలి.