జీడి కాపు రోజుల్లో అడవిదారి పట్టేముందు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపళ్లు పండటం మొదలైందంటే ఎలుగుబంట్లు తిరగడం కూడా మొదలైనట్టే. జీడి అయ్యాక పనస, ఆపైన నేరేడు. జూన్ దాకా వాటికి తిండికి లోటుండదు. మందస, వజ్రపుకొత్తూరు వైపు ఊరి పక్క అడవుల్లో, వన సంరక్షణ సమితులు పెంచిన చెట్ల మధ్య, సెలవులకొచ్చిన పిల్లల్ని వెంటేసుకుని నడుద్దామనుకుంటే కాస్త ఆలోచించి బయల్దేరండి. 'మనూరి అడవే కదా' అన్న ధీమాయే కొంప ముంచుతుంది.

ముందు వేళ సంగతి. చల్లగా ఉంటుందని తెల్లవారకముందే బయల్దేరేవాళ్లుంటారు. సరిగ్గా అదే ఎలుగులు తిరిగే సమయం. పొద్దు వాలాక కూడా అంతే. బాగా వెలుగొచ్చాక వెళ్లి, పదింటికల్లా దిగిపోండి, వడదెబ్బ టెన్షన్ కూడా తగ్గుతుంది. నీళ్లు దండిగా పట్టుకెళ్లండి.

వెళ్లేముందు జీడిపిక్కలు ఏరేవాళ్లనో మేకల కాపరినో "నిన్న ఎటు తిరిగింది?" అని అడగండి. వాళ్లు వద్దంటే వెనక్కి వచ్చేయండి. ఫోన్‌లో దారి కనిపిస్తోందని వాదనకు దిగొద్దు.

నడిచేటప్పుడు నేల చూడండి. చెదపుట్టను తవ్వేసిన గొయ్యి, అంచుల్లో గోళ్ల గీతలు, లోపలి మట్టి ఇంకా తడి ఆరలేదంటే అది ఎంతో దూరం పోలేదు. పండ్ల గింజలు కనిపించే పెంట కూడా గుర్తే. ఎలుగుకి చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం గట్టిది. గాలి మీకు ఎదురుగా వీస్తుంటే ముందున్న ఎలుగుకి మీ వాసన అందదు. హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. అందుకే గట్టిగా మాట్లాడుకుంటూ, మలుపుల దగ్గర కర్రతో చప్పుడు చేస్తూ నడవండి. ఇయర్‌ఫోన్లు జేబులో ఉండాలి. కుక్కను తీసుకెళ్లకండి. అది మొరిగి రెచ్చగొట్టి, తిరిగి మీ కాళ్ల దగ్గరికే వస్తుంది, వెనకాలే ఎలుగు.

దూరంగా కనిపిస్తే పరుగెత్తొద్దు, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. చెట్టెక్కి లాభం లేదు, తేనె కోసం అదీ ఎక్కుతుంది. వీపున పిల్లలున్న తల్లయితే ఫొటో ఆలోచనే వద్దు. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ వెనక భాగం, తల కప్పుకోండి. అది ఎక్కువగా గాయపరిచేది తల, ముఖమే.

ఎండుటాకుల్లో రక్తపింజరి కనిపించదు, బూట్లు తప్పనిసరి. కాటు పడితే తాడు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏదీ వద్దు. కాలు కదపనీయకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చండి.

సీతంపేట, పార్వతీపురం వైపైతే ఏనుగుల గుంపు ఉందని అటవీ సిబ్బంది చెప్పిన రోజు అడవికి వెళ్లడమే మానేయండి.

బీడీ, సిగరెట్ ఊళ్లోనే కాల్చేసి రండి. దారిలో పొగ కనిపిస్తే దగ్గరికెళ్లి చూడాలనుకోకుండా, గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని కిందికి దిగి ఊళ్లో చెప్పండి.