వీసా లేని ప్రయాణం, ఆన్‌లైన్ అనుమతి – 3వ పాఠం: పాస్‌పోర్టు నంబరు సరిచూడటం

కిందటి పాఠంలో మీ పాస్‌పోర్టుకు ముందస్తు అనుమతి అవసరమో కాదో తేల్చుకున్నారు. అమెరికాకు ఎస్టా, కెనడాకు, బ్రిటన్‌కు ఈటీఏ, దక్షిణ కొరియాకు కే-ఈటీఏ... ఆ అనుమతికి ఏ పేరున్నా పద్ధతి ఒకటే. పాస్‌పోర్టులో ముద్ర పడదు, స్టిక్కరు అంటించరు. అనుమతి ఆ దేశపు కంప్యూటర్లలో మీ పాస్‌పోర్టు నంబరుకు ముడిపడి ఉంటుంది. చెక్-ఇన్‌లో పాస్‌పోర్టు స్కాన్ చేసినప్పుడు ఆ నంబరు మీద అనుమతి కనబడకపోతే విమానం ఎక్కనివ్వరు. ఆమోదం వచ్చిన మెయిల్ చేతిలో ఉన్నా, అందులోని పాస్‌పోర్టు నంబరులో ఒక్క అక్షరం తేడా ఉంటే అది వేరే పాస్‌పోర్టుకు వచ్చిన అనుమతి కిందే లెక్క.

అందుకే ఈ పాఠం మొత్తం దరఖాస్తులో ఆ నంబరు రాసే ఒక్క గడికే కేటాయిస్తున్నాను.

ఫొటో ఉన్న పేజీ అడుగున, యంత్రాలు చదవడానికి అచ్చువేసిన రెండు వరుసలు చూడండి. ఒక్కో వరుసలో 44 గుర్తులు ఉంటాయి. రెండో వరుసలో మొదటి 9 స్థానాలు పాస్‌పోర్టు నంబరువి. నంబరు చిన్నదైతే మిగిలిన చోట్ల బాణం మొనలాంటి గుర్తులు ఉంటాయి. వాటిని దరఖాస్తులో రాయకండి. 10వ స్థానంలోని అంకె కూడా నంబరులో భాగం కాదు. దాన్ని కలిపి టైపు చేయడం తరచూ జరిగే పొరపాటు.

ఇంకో పొరపాటు సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ మధ్య తికమక. జర్మన్ పాస్‌పోర్టు నంబర్లలో ‘ఓ’ అక్షరం వాడరు, కనిపించేది ఎప్పుడూ సున్నాయే. అన్ని దేశాల పాస్‌పోర్టులకూ ఇలాంటి సులువైన నియమం ఉందనుకోకండి. కంటితో తేల్చుకోలేకపోతే లెక్క వేసి చూడాలి. 10వ స్థానంలోని అంకె ఉన్నదే అందుకు.

పద్ధతి ఇదీ. అంకెల విలువ అంకెలదే. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘ఏ’కు 10, ‘బీ’కి 11, అలా ‘జెడ్’కు 35. బాణం మొనకు 0. ఎడమ నుంచి మొదటి విలువను 7తో, రెండోదాన్ని 3తో, మూడోదాన్ని 1తో గుణించండి. మళ్లీ 7, 3, 1. అన్నీ కూడి 10తో భాగిస్తే మిగిలే శేషం 10వ స్థానంలోని అంకెతో సరిపోవాలి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన ప్రమాణ పత్రంలో యుటోపియా అనే ఊహాదేశం పేరిట ఒక నమూనా పాస్‌పోర్టు చూపిస్తుంది. దాని నంబరు ‘ఎల్ 898902 సీ 3’. ‘ఎల్’ విలువ 21, ‘సీ’ విలువ 12. గుణించాక వరుసగా 147, 24, 9, 56, 27, 0, 14, 36, 3 వస్తాయి. మొత్తం 316, శేషం 6. నమూనాలో ఉన్న అంకె కూడా 6. ఇప్పుడు అందులోని సున్నాను ‘ఓ’ అనుకుందాం. దాని విలువ 24 కనుక మొత్తం 340, శేషం 0. పొసగలేదు, కాబట్టి అది సున్నాయే. సున్నా, ‘ఓ’ ఏ స్థానంలో తారుమారైనా ఈ లెక్క పట్టేస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చేది అదే: ఎవరినీ అడగక్కర్లేదు, కాగితం, పెన్ను చాలు.

ఇంత శ్రమ ఎందుకంటే, పంపేశాక ఈ గడిని దిద్దుకోవడం కుదరదు. ఎస్టాలో నంబరు తప్పయితే కొత్త దరఖాస్తు పెట్టి రుసుము మళ్లీ కట్టాలి, 2025 సెప్టెంబరు 30న అది 40 డాలర్లకు పెరిగింది. కెనడాలోనూ అంతే, అక్కడ 7 కెనడా డాలర్లు. పాస్‌పోర్టు మారినా ఇదే కథ. ఎస్టాకు రెండేళ్లు, కెనడా అనుమతికి గరిష్ఠంగా అయిదేళ్లు గడువున్నా, కొత్త పాస్‌పోర్టు వచ్చిందంటే పాత అనుమతి పనికిరాదు. రెండు దేశాల పాస్‌పోర్టులున్నవారు ఏది చూపించి ప్రయాణిస్తారో దానిమీదే దరఖాస్తు చేయాలి.

బ్రిటన్, ఆస్ట్రేలియా యాప్‌లు పాస్‌పోర్టులోని చిప్‌ను ఫోన్‌తో చదువుతాయి కాబట్టి టైపింగ్ తప్పులు తగ్గుతాయి. అయినా చివరి పేజీలో నంబరును ఒక్కో అక్షరం పలుకుతూ సరిచూడండి. బ్రౌజర్ తనంతట తాను పాత నంబరు నింపేస్తుంటే దాన్ని తుడిచి మీరే టైపు చేయండి.

అభ్యాసం: రెండో వరుసలో 14 నుంచి 19 దాకా పుట్టినతేదీ ఉంటుంది: సంవత్సరం, నెల, రోజు వరుసలో. దాని తనిఖీ అంకె 20వ స్థానంలో ఉంటుంది. యుటోపియా నమూనాలో ఆ తేదీ 740812. లెక్కవేస్తే 2 రావాలి. అది కుదిరాక మీ సొంత పాస్‌పోర్టు మీద రెండు లెక్కలూ చేయండి. 4వ పాఠంలో గత ప్రయాణాల గురించి అడిగే ప్రశ్నలు చూద్దాం.