బడ్జెట్ ఫ్లాట్‌లో గ్రీన్ ఎంత? 3వ పాఠం: నీళ్ల లెక్క

గత పాఠంలో గ్రీన్ రేటింగ్ కాగితాలు చూశాం. ఐజీబీసీ (గ్రీన్ రేటింగ్ ఇచ్చే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) ప్రీ-సర్టిఫికేషన్ డిజైన్ చూసి ఇచ్చేదే తప్ప, కట్టిన బిల్డింగ్ చూసి ఇచ్చేది కాదని గుర్తుంది కదా? ఈసారి నీళ్లు. హైదరాబాద్ శివార్లలో తక్కువ ధరకు ఫ్లాట్ కొనేవాళ్లకు వేసవిలో ట్యాంకర్ బిల్లే అసలు టెన్షన్. అందుకే నేనైతే సోలార్ కన్నా ముందు దీన్నే చూడమంటాను.

50 ఫ్లాట్లు అనుకోండి. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు. రోజుకు 27,000 లీటర్లు కావాలి.

ఇప్పుడు బ్రోచర్‌లోని "వాననీటి సంరక్షణ" సంగతి. టెర్రస్ 1,000 చదరపు మీటర్లు, ఏడాది వాన సుమారు 800 మి.మీ. ఐదో వంతు వృథా పోగా 6.4 లక్షల లీటర్లు దక్కుతాయి. భాగించి చూడండి, 24 రోజులకు కూడా చాలవు! అలాగని ఇంకుడు గుంత వద్దని కాదు, బోరుకు అది కావాల్సిందే. కాకపోతే టెర్రస్ పైపు గుంతలోకే దిగుతోందా, రోడ్డు పక్క కాలువలోకా అన్నది వెంటపడి చూడాలి. మూత తీయించండి. కంకర కనిపించాలి, సిమెంటు సంచులు కాదు.

అసలు ఆదా ఎస్టీపీలో, అంటే బిల్డింగ్ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో ఉంది. ఫ్లష్‌కు మనిషికి 45 లీటర్లు లెక్కేస్తారు, అంటే 135లో మూడో వంతు. శుద్ధి చేసిన నీళ్లు అక్కడికి చేరితే రోజుకు 9,000 లీటర్లు మిగులుతాయి, వాన పడినా పడకపోయినా. చేరాలంటే ఫ్లష్‌కు వేరే పైప్‌లైన్ ఉండాలి. సేల్స్ వాళ్లను అడగొద్దు, టెర్రస్ ఎక్కండి. ఫ్లష్ నీళ్లకు విడిగా ట్యాంకు ఉందా? దాని నుంచి డక్ట్‌లోకి (పైపులు కిందికి దిగే సందులోకి) పైపు దిగుతోందా? లేకపోతే ఆ ఎస్టీపీ నీళ్లు మొక్కలకు, మిగిలింది డ్రైనేజీకి. తర్వాత లైన్ వేయాలంటే గోడలు పగలగొట్టాల్సిందే.

ఇంకో మాట. చిన్న బిల్డింగుల్లో కరెంటు బిల్లు చూసి ఎస్టీపీలోకి గాలి కొట్టే బ్లోయర్ ఆపేస్తారు. దాన్ని ఎవరు నడుపుతారు, మెయింటెనెన్స్‌లో ఆ ఖర్చు కలిపారా అని ముందే తేల్చుకోండి.

ఇంటిపని: మోడల్ ఫ్లాట్‌లో కుళాయి పూర్తిగా తిప్పి లీటరు సీసా పట్టండి. 5 సెకన్లలో నిండితే నిమిషానికి 12 లీటర్లు పోతున్నట్టు. 10 సెకన్లు పడితే 6 లీటర్లే. అయితే ధార మరీ నీరసంగా ఉంటే అది ఎరేటర్ (గాలి కలిపి నీళ్లు తగ్గించే కుళాయి మూతి జాలి) గొప్పతనమా, ప్రెషర్ లేకనా అని పక్క కుళాయి కూడా తిప్పి చూడండి.

4వ పాఠంలో కిటికీలు కొలుద్దాం. టేపు దగ్గర పెట్టుకోండి.