వరంగల్ నుంచి అడవి చూడ్డానికి వెళ్లడం ఎలా?

వరంగల్, హన్మకొండ వాళ్ల దగ్గర ఆదివారానికి ఒక పాత ప్లాన్ ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ చేసి కారు తీయడం, రామప్ప చూసి, లక్నవరంలో వేలాడే వంతెన మీద ఫొటోలు దిగి, మేడారంలో మొక్కి, వీలైతే బొగత జలపాతం దాకా పోయి, రాత్రి పదకొండింటికి ఇల్లు చేరడం. అన్నీ మంచి చోట్లే. కాకపోతే ఆ పద్నాలుగు గంటల్లో ఎక్కువ భాగం కారు సీటులోనే గడుస్తుంది. దారి పొడవునా అడవే ఉన్నా దాన్ని చూసే తీరిక ఎవరికీ దొరకదు.

నా సలహా ఒక్కటే. రోజుకు ఒక్క చోటు పెట్టుకోండి, తెల్లవారేసరికి అక్కడ ఉండండి. కింద చెప్పేదంతా దాన్ని ఎలా కుదుర్చుకోవాలన్నదే.

ముందు కాలం చూసుకోండి

మన వైపు అడవులు ఆకు రాల్చేవి. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు ఎక్కువ. అందుకే ఒకే అడవి మూడు కాలాల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు దీపావళి నుంచి శివరాత్రి దాకా అనువైన కాలం. వాగుల్లో నీళ్లుంటాయి, ఎండ బాధ ఉండదు, చెరువుల్లో వలస బాతులు దిగి ఉంటాయి. జంతువులు చూడాలన్న పట్టుదల ఉంటే మాత్రం మార్చి, ఏప్రిల్ మేలు. ఆకు రాలి అడవి పలచబడుతుంది, నీళ్లు కొన్ని గుంటల్లోనే మిగులుతాయి, జంతువులు అక్కడికి రాక తప్పదు. మోదుగ పూసేదీ, ఇప్పపూలు రాలేదీ ఆ రోజుల్లోనే. పదింటికల్లా ఎండ మాడ్చేస్తుంది కాబట్టి చూడాల్సింది అంతలోపే చూసేయాలి.

వానాకాలం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. జులై నుంచి సెప్టెంబర్ దాకా టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాలు, అంటే నడిమి అడవి, మామూలుగా మూసే ఉంటాయి. జలపాతాల కోసం జనం ఎగబడేదీ అప్పుడే. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారంలోనే వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం చూడబోయిన పర్యాటకులు, వాగు పొంగడంతో రాత్రి అడవిలోనే చిక్కుకుపోయారు. సహాయ బృందాలు వెళ్లి బయటికి తేవాల్సి వచ్చింది. మీరున్న చోట ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే వాగు నిమిషాల్లో ఎక్కుతుంది. వాగు దాటి వెళ్లాల్సిన జలపాతాన్ని వాన తగ్గాక, అక్టోబర్‌లో చూడటం మంచిది. అప్పటికీ నీళ్లుంటాయి.

ఒక్క చోటు ఎంచుకోండి

ఇంట్లో పెద్దవాళ్లున్నా, సగం పూటే తీరిక ఉన్నా పాఖాల వెళ్లండి. వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, నర్సంపేట మీదుగా దారి. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టిన చెరువు. చుట్టూ గుట్టలు, అభయారణ్యం. ఎనిమిది వందల ఏళ్ల నాటి కట్ట మీద కూర్చుంటే చాలు, నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు వాటంతట అవే కళ్ల ముందుకొస్తాయి. బోటింగ్, సెల్ఫీలు మొదలయ్యేలోపు మీ పని అయిపోవాలి.

అసలు అడవిలోకి వెళ్లిన తృప్తి కావాలంటే ఏటూరునాగారం అభయారణ్యం. హన్మకొండ నుంచి 163వ నంబర్ జాతీయ రహదారి మీద ములుగు, గోవిందరావుపేట, పస్రా దాటాక రెండు పక్కలా అడవి చిక్కబడుతుంది. తాడ్వాయిలో ఉండటానికి కుటీరాలున్నాయి. ముందు రోజు సాయంత్రమే అక్కడికి చేరి పడుకుంటే, తెల్లవారుజామున నిద్ర చెడగొట్టుకుని డ్రైవింగ్ చేసే పని తప్పుతుంది. తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో 2024 ఆగస్టు 31న పెనుగాలికి వేలాది చెట్లు కూలిపోయాయి. అలా తెరిపిన పడ్డ చోట అడవి మళ్లీ ఎలా లేస్తుందో చూడటం కూడా ఒక చదువే. మేడారం జాతర రెండేళ్లకోసారి, 2024లో, 2026లో జరిగినట్టు, మాఘ పున్నమికి వస్తుంది. జాతరకు ముందూ వెనకా నెల రోజులు ఆ రోడ్డు మీద పిట్ట కూత కాదు, హారన్లే వినిపిస్తాయి. జాతరకు జాతరలాగే వెళ్లండి, అడవికి ఇంకోసారి వెళ్లండి.

జంతువులే ముఖ్యమనుకుంటే కవ్వాల్. 2012లో టైగర్ రిజర్వ్ అయింది. కోర్, దాని చుట్టూ ఉండే బఫర్ కలిపి 2,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. జన్నారంలో సఫారీ ఉంది, హరిత రిసార్ట్ ఉంది. కారు లేకపోయినా ఇబ్బంది లేదు. కాజీపేటలోనో వరంగల్‌లోనో రైలెక్కి మంచిర్యాలలో దిగి, లక్షెట్టిపేట మీదుగా జన్నారం చేరవచ్చు. ఒక రాత్రి బస తప్పదు. పులి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి కాగజ్‌నగర్ అడవుల్లోకి పులులు వస్తూ పోతూ ఉంటాయి గానీ, సఫారీ జీపుకు ఎదురొచ్చే పులి అరుదు. పులి కోసమే వెళ్లినవాళ్లు అడవిదున్నను, దాని కాళ్లకున్న తెల్ల మేజోళ్లను చూసి కూడా ‘ఏమీ కనబడలేదు’ అంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

ఇవి చూసేసినవాళ్లకు ఇంకో రెండు. బెజ్జూరు వైపు పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉంది. ఆ కొండ చరియల్లో రాబందులు గూళ్లు కట్టుకున్నట్టు 2013లో బయటపడింది. మంథని వైపు గోదావరి ఒడ్డున శివారం అభయారణ్యం ఉంది, మొసళ్ల కోసం ఏర్పాటు చేసింది. రెండింటికీ అటవీ శాఖను అడగకుండా బయల్దేరవద్దు.

ముందు రోజు చేయాల్సినవి

వెళ్లే చోటి అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. లోపలికి అనుమతి ఉందా, గేటు ఎన్నింటికి తీస్తారు, దారి బాగుందా. సఫారీ, కుటీరాలు శని, ఆదివారాల్లో ముందే నిండిపోతాయి. సెలవు పెట్టగలిగితే మంగళ, బుధవారాలు ఎంచుకోండి, అడవి మీ ఒక్కరిదే అన్నట్టు ఉంటుంది.

పెట్రోలు ములుగులో నింపుకోండి, మంచిర్యాల దారైతే లక్షెట్టిపేటలో. లోపల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, జేబులో చిల్లర నోట్లు పెట్టుకోండి. ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి.

బట్టలు మట్టి రంగువి, నిండు చేతులవి. దోమల వల్లా, ముళ్ల వల్లా, ఎండ వల్లా ఇదే మంచిది. ఏటూరునాగారం ఏజెన్సీలో వానాకాలం, ఆ తర్వాతా మలేరియా భయం ఉంది, దోమల మందు రాసుకోండి. సెంటు మాత్రం వద్దు. తేనెతుట్టెలున్న చెట్ల కింద ఘాటైన వాసన, పొగ రెండూ ప్రమాదమే. బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి, లేకపోతే దాని కోసం ఆగక్కర్లేదు. నీళ్లు మాత్రం మనిషికి రెండు లీటర్లు, స్టీలు సీసాల్లో.

పిల్లలుంటే ముందు వారం హంటర్ రోడ్డులో ఉన్న కాకతీయ జూలాజికల్ పార్కుకు తీసుకెళ్లండి. చుక్కల దుప్పి ఏది, కణుజు ఏది అని ఒకసారి దగ్గరగా చూస్తే, తర్వాత అడవిలో పొద చాటున చెవి కదిలినా పిల్లలే ముందు పట్టేస్తారు.

అడవిలో మొదటి రెండు గంటలు

వెలుగు పడేసరికి గేటు దగ్గర ఉండాలి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా కనిపించేవి, మిగతా రోజంతా తిరిగినా కనిపించవు. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఇంకో గంట బాగుంటుంది. మధ్యాహ్నం మనుషుల్లాగే జంతువులూ నీడ పట్టున పడుకుంటాయి.

నడిచే అనుమతి ఉన్న చోట గైడునో, అడవి కాపలా చూసే వాచర్‌నో వెంట తీసుకెళ్లండి. వాళ్లకు ఇచ్చే డబ్బు దండగ కాదు. వాళ్లు చూపిస్తే తప్ప మన కంటికి ఆననివి చాలా ఉంటాయి. తాడ్వాయి దగ్గర ఒక వాచర్ వాగు ఇసుకలో అడుగులు చూపించి, ‘గోరు అచ్చు పడలె చూడుండ్రి సార్, ఇది పిల్లి జాతి. కుక్కదైతే గోర్లు పడ్తయి’ అన్నాడు. నాలుగు వేళ్లు, వెనక పెద్ద మెత్త, అంచుల్లో ఇసుక ఇంకా తడిగా ఉంది. రాత్రి చిరుత నీళ్లకు వచ్చి వెళ్లిందట. పక్కనే ఎలుగుబంటి తవ్విన చెదల పుట్ట. పొడుగు గోళ్ల గీతలు మట్టిలో వరసగా దిగి ఉన్నాయి.

ఒక చోట పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోండి. ఇదే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ఫలితమిచ్చేది కూడా ఇదే. మనం రాగానే అడవి నోరు మూసుకుంటుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. కొండముచ్చులు చెట్టు మీద తింటూ ఆకులు, కాయలు కింద పడేస్తుంటే దుప్పులు కింద చేరి ఏరుకుంటాయి. పైనున్న కొండముచ్చు ఉన్నట్టుండి గొంతు మార్చి దగ్గినట్టు అరిచిందా, దుప్పులన్నీ తలెత్తి ఒకే వైపు చూస్తాయి. మీరూ అటే చూడండి.

జంతువు కనబడలేదని దిగులు పడే పిల్లలకు చెట్లు చూపించండి. లేత టేకాకు తుంచి అరచేతిలో నలిపితే ఎర్రగా అంటుకుంటుంది. ఒక్క ఆకు చాలు, అదీ బాట పక్కన రాలింది దొరికితే ఇంకా మంచిది. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, చేత్తో తడమనివ్వండి.

గడ్డి భూములను బీడు అనుకోకండి

మన దగ్గర చెట్లు లేని చోటును ఎవరూ చూడ్డానికి వెళ్లరు. బంచరాయి, కంచె భూమి అని దాటేస్తారు. కృష్ణజింకకు కావాల్సింది అదే మరి. మంచిర్యాల జిల్లాలో ప్రాణహిత అభయారణ్యం ఉన్నదే కృష్ణజింకల కోసం. గుట్టల మధ్య గడ్డి, చిట్టడవి, అవతల ప్రాణహిత నది. కవ్వాల్‌లోనూ జింకల మేత కోసం అటవీ శాఖ గడ్డి మైదానాలు పెంచుతోంది.

ఇక్కడ చూసే పద్ధతి వేరు. దాక్కోవడానికి చెట్టు ఉండదు కాబట్టి మీరు జింకను చూసేలోపే అది మిమ్మల్ని చూస్తుంది. బండి దూరంగా ఆపి, దిగకుండా, ఇంజిన్ కట్టేసి చూడండి. జంతువుకు ఎదురుగా తిన్నగా నడిస్తే మంద లేచిపోతుంది. మార్చి దాటాక కాలు చూసుకుని వేయండి. తీతువు పిట్ట గూడు కట్టదు, గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు కూడా మచ్చలతో రాళ్ల రంగులోనే కలిసిపోతాయి. పిట్ట నెత్తిమీద తిరుగుతూ గోల చేస్తోందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయన్నమాట. వచ్చిన దారినే వెనక్కి నడవండి.

ఊళ్ల గుండా వెళ్లేటప్పుడు

ములుగు వైపు కోయలు, నాయకపోళ్లు, ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు గోండులు, కొలాములు ఈ అడవుల్లో ఉంటున్నవాళ్లు. వాళ్ల ఇంటి ముందు ఆగితే ముందు పలకరించండి, అడిగి ఫొటో తీయండి. దేవుడి గద్దెల దగ్గర, పవిత్రంగా చూసుకునే చెట్ల దగ్గర చెప్పులు విడవాలా, అసలు లోపలికి వెళ్లొచ్చా అని అక్కడివాళ్లనే అడగండి. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోసి కట్టలు ఆరబెట్టి ఉంటారు. అది వాళ్లకు ఏడాదిలో చేతికొచ్చే నగదు, వాటి మీద నడవకండి, బండి ఎక్కించకండి. సిగరెట్, బీడీ ముక్క ఆర్పకుండా పారేస్తే ఆ ఎండాకులు భగ్గుమంటాయి. అసలు అడవిలో తాగనే వద్దు.

జాగ్రత్తలు

పులి, చిరుతల గురించి అందరూ టెన్షన్ పడతారు. నిజంగా ప్రాణాలు తీసేది ఎక్కువగా నీళ్లు. బొగత దగ్గరైనా, ఊరు పేరు లేని వాగులోనైనా రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి, గుండం లోతు పైకి తెలియదు. సిబ్బంది దిగవద్దన్న చోట దిగకండి. పాఖాల, లక్నవరం చెరువుల్లో ఈతకు దిగే ఆలోచనే పెట్టుకోవద్దు.

రెండోది కరెంటు. అడవి పందుల కోసం కొందరు చేల చుట్టూ దొంగతనంగా కరెంటు తీగలు పెడతారు. జంతువులే కాదు, మనుషులూ చనిపోయారు. చీకటి పడ్డాక చేల గట్ల మీద, అడవి అంచు బాటల్లో నడవడం పూర్తిగా మానుకోండి.

పాము కరిస్తే తాడు కట్టడం, కోయడం, పసరు మందు కోసం తిరగడం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసుకుంటూ, 108కు ఫోన్ చేసి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. బయల్దేరే ముందే ఆ దారిలో దగ్గరి ఆసుపత్రి ఏదో కనుక్కుని పెట్టుకోండి.

కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేయకండి. పస్రా దాటాక రోడ్డు పక్కన వరసగా కూర్చుని బండ్ల కోసం ఎదురుచూసే కోతులు అలా తయారైనవే. ఇక వెంకటాపురం, వాజేడు అవతల కర్రెగుట్టల వైపు బాట వదిలి అడవిలోకి వెళ్లకండి. అక్కడ మందుపాతరల భయం ఉంది. పోలీసులు ఆగమంటే వాదించకుండా తిరిగొచ్చేయండి.

తిరుగు ప్రయాణం పొద్దు గూకేలోపు మొదలుపెట్టండి. అడవి దారిలో బండి వేగం నలభై దాటనివ్వకండి, దుప్పి ఒకటి రోడ్డు దాటితే వెంటనే ముందుకు పోకుండా ఒక్క నిమిషం ఆగండి. దాని వెనక ఇంకో రెండు మూడు ఉంటాయి.