మావెన్ మొరాయిస్తే: విండోస్, మ్యాక్, ఉబుంటులో ఇన్‌స్టలేషన్ సమస్యలు - పరిష్కారాలు

జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే సాధనమైన మావెన్‌కు పెద్ద ఇన్‌స్టాలర్ ఏమీ లేదు. జిప్ ఫైలు దించుకుని, విప్పి, ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే చాలు. ఇంత చిన్న పనిలో ఇన్ని చిక్కులు రావడానికి కారణం మావెన్ జావాలో రాసిన ప్రోగ్రామ్ కావడం. జావా ఎక్కడ ఉందో మావెన్‌కు తెలియాలి, మావెన్ ఎక్కడ ఉందో టెర్మినల్‌కు తెలియాలి. ఈ రెండు చిరునామాల్లో ఏదో ఒకటి తప్పితేనే ఎక్కువ గొడవలు.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. ఎంవీఎన్ (మావెన్‌ను నడిపే కమాండ్), జావా వంటివి చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, జావా_హోమ్ అనే వేరియబుల్ మాత్రం పెద్ద అక్షరాల్లో టైపు చేయాలి.

ఏ సమస్య వచ్చినా ముందు ‘ఎంవీఎన్ -వెర్షన్’ కొట్టండి. జవాబులో మొదటి లైను మావెన్ వెర్షన్, రెండోది మావెన్ ఉన్న ఫోల్డర్, మూడోది అది వాడుకుంటున్న జావా. చాలామంది మొదటి లైను చూసి సంతృప్తిపడి ఆగిపోతారు. అసలు సంగతి మూడో లైనులో ఉంటుంది.

విండోస్: ఎంవీఎన్ అనే కమాండే తెలియదంటోంది

కారణం పాత్‌లో, అంటే కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితాలో ఉంటుంది. అసలు చేర్చకపోవడం ఒకటి, మావెన్ ఫోల్డర్ వరకు చేర్చి లోపలి బిన్ ఫోల్డర్‌ను వదిలేయడం ఇంకొకటి. రెండోదే ఎక్కువ. స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని వెతికి, పాత్‌ను ఎడిట్ చేసి, బిన్‌తో ముగిసే పూర్తి చిరునామాను కొత్త వరుసగా చేర్చండి. అప్పటికే తెరిచి ఉన్న కమాండ్ విండోకు ఈ మార్పు తెలియదు, దాన్ని మూసి కొత్తది తెరవాలి. ఎడిటర్ లోపలి టెర్మినల్ వాడుతుంటే ఎడిటర్‌నే పూర్తిగా మూసి తెరవాలి.

పాత్ మార్చడానికి ‘సెట్‌ఎక్స్’ కమాండ్ వాడమని చెప్పే పాఠాలు కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. అది 1024 అక్షరాలు దాటిన విలువను కత్తిరించి దాచేస్తుంది. పాత్ పొడవుగా ఉంటే మావెన్ సంగతి అటుంచి, ఉన్న సాఫ్ట్‌వేర్లు కూడా దొరకకుండా పోతాయి.

పాత్‌లో చేర్చడానికి బిన్ ఫోల్డరే కనిపించడం లేదా? అయితే మీరు దించుకున్నది సోర్స్ జిప్ అయి ఉంటుంది. ఫైలు పేరు చివర ‘బిన్’ అని ఉన్నదాన్ని మళ్లీ దించుకోండి.

జావా_హోమ్ సరిగా లేదంటోంది

జావా చిరునామా చెప్పే ఈ వేరియబుల్ జేడీకే (జావా ప్రోగ్రామ్‌లు తయారుచేసే సాధనాల కట్ట) ఫోల్డర్‌ను చూపాలి, దాని లోపలి బిన్‌ను కాదు. పాత్‌కు బిన్ కావాలి, జావా_హోమ్‌కు బిన్ ఉండకూడదు. ఈ తిరకాసు దగ్గరే కొత్తవాళ్లు తడబడతారు. విలువ చుట్టూ కోట్ గుర్తులు, చివర సెమీకోలన్ ఉంటే తీసేయండి. నిన్నటి దాకా పనిచేసి ఇవాళ ఆగిందంటే జావా అప్‌డేట్ అయి పాత వెర్షన్ ఫోల్డర్ పోయిందేమో చూడండి. జావా_హోమ్ చూపుతున్న ఫోల్డర్‌లోకి వెళ్లి, బిన్‌లో జావాసీ అనే ఫైలు ఉందో లేదో కళ్లతో చూడటం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష.

మావెన్ నడుస్తోంది, కంపైలర్ లేదంటోంది

ఉబుంటులో ఇది మామూలే. సాఫ్ట్‌వేర్లు పెట్టే ‘ఆప్ట్’ కమాండ్ ద్వారా మావెన్ పెడితే దాంతోపాటు వచ్చేది ప్రోగ్రామ్‌లను నడిపే జేఆర్ఈ మాత్రమే. కోడ్‌ను కంపైల్ చేసేది జేడీకే. అందుకే వెర్షన్ అడిగితే చక్కగా చెబుతుంది, బిల్డ్ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ డీఫాల్ట్-జేడీకే’ కొడితే సరిపోతుంది.

రిలీజ్ 17 కుదరదంటోంది, కానీ జావా 17 ఉంది కదా!

మీ మాటా నిజమే, దాని మాటా నిజమే. ‘జావా -వెర్షన్’ అని అడిగితే పాత్‌లో ముందు కనిపించిన జావా జవాబిస్తుంది. మావెన్ మాత్రం ముందు జావా_హోమ్‌ను చూస్తుంది, అది లేకపోతేనే పాత్ వైపు వెళుతుంది. పాత్‌లో 17, జావా_హోమ్‌లో 11 ఉంటే ఇలాగే అవుతుంది. మూడో లైనులో 11 అని కనిపిస్తే జావా_హోమ్‌ను మార్చండి. ప్రాజెక్టు సెట్టింగులు ఉండే పామ్ ఫైలులో 17ను 11గా దించి ఊరుకోవడం పరిష్కారం కాదు, రేపు ఇంకా పాత జావా ఉన్న ఇంకొకరి కంప్యూటర్‌లో అది మళ్లీ తలెత్తవచ్చు.

మ్యాక్‌లో ఇది తిరగబడి వస్తుంది. మ్యాక్‌లో సాఫ్ట్‌వేర్లు పెట్టే హోమ్‌బ్రూతో మావెన్ పెడితే తన వెంట ఓపెన్ జేడీకేను కూడా తెచ్చుకుంటుంది. జావా_హోమ్ ఖాళీగా ఉంటే దాన్నే వాడుకుంటుంది. అది మీ ప్రాజెక్టు కోరేదానికంటే బాగా కొత్తది కావడంతో పాత ప్లగిన్లు విరిగిపడతాయి. ‘/యూఎస్ఆర్/లిబ్‌ఎగ్జెక్/జావా_హోమ్ -వి 17’ (ఇక్కడ జావా_హోమ్ కూడా చిన్న అక్షరాల్లోనే) కొడితే మ్యాక్‌కు తెలిసిన జావా 17 చిరునామా వస్తుంది. ‘ఎక్స్‌పోర్ట్’ కమాండ్‌తో దాన్ని జావా_హోమ్‌కు విలువగా ఇవ్వండి.

మ్యాక్: టెర్మినల్ మూసి తెరిస్తే సెట్టింగులు మాయం

ఎక్స్‌పోర్ట్ లైను ఏ ఫైలులో రాశారో చూడండి. 2019లో వచ్చిన మ్యాక్ఓఎస్ క్యాటలినా నుంచి మ్యాక్ డీఫాల్ట్ షెల్ (టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్) జెడ్‌షెల్. అది అంతకుముందున్న బ్యాష్ షెల్ ప్రొఫైల్ ఫైలును చదవదు. పాత పాఠాలు చెప్పినట్టు అక్కడ రాస్తే వృథా, హోమ్ ఫోల్డర్‌లోని ‘.జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ’ ఫైలులో రాయాలి. యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లలో హోమ్‌బ్రూ నివాసం ‘/ఆప్ట్/హోమ్‌బ్రూ’ (ఈ ఆప్ట్ స్పెల్లింగ్ ఓ-పీ-టీ, ఉబుంటు కమాండ్ కాదు), ఇంటెల్ వాటిలో ‘/యూఎస్ఆర్/లోకల్’. ఒకదాని పాఠం చూసి రెండోదానిలో అవే దారులు టైపు చేస్తే ఏమీ దొరకదు.

పాత పాఠాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట: మావెన్ చిరునామా చెప్పే ఎం2_హోమ్ అనే వేరియబుల్ పెట్టమని ఇప్పటికీ రాస్తున్నవారు ఉన్నారు. మావెన్ 3.5.0 నుంచి దాని అవసరం లేదు.

లినక్స్: కొత్తది పెట్టినా పాతదే పలుకుతోంది

ఉబుంటు 22.04 ఆప్ట్‌లో దొరికే మావెన్ 3.6.3. కొత్తది కావాలని టార్ ఫైలు విప్పుకున్నా, పాత్‌లో ఆప్ట్ మావెన్ ముందుంటే అదే జవాబిస్తుంది. కొత్త బిన్‌ను పాత్ మొదట్లో చేర్చండి. ఆప్ట్ మావెన్‌ను తీసేశాక ‘అలాంటి ఫైలు లేదు’ అని పాత దారినే చూపిస్తుంటే, బ్యాష్ దాన్ని గుర్తుపెట్టుకుందని అర్థం. ‘హ్యాష్ -ఆర్’ కొడితే మరచిపోతుంది. అనుమతి లేదంటే ఎంవీఎన్ ఫైలుకు ‘సీహెచ్‌మాడ్ +ఎక్స్’ ఇవ్వండి.

అన్నీ సరే, డౌన్‌లోడ్లే ఆగిపోతున్నాయి

బ్రౌజర్‌లో నెట్ వస్తున్నా మావెన్‌కు రాకపోతే కాలేజీ ల్యాబ్ లేదా ఆఫీసు ప్రాక్సీ (నెట్‌కు మధ్యలో ఉండే సర్వర్) కారణం కావచ్చు. హోమ్ ఫోల్డర్‌లోని .ఎం2లో సెట్టింగ్స్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు పెట్టి ప్రాక్సీ వివరాలు రాయండి. సర్టిఫికెట్ మార్గం దొరకలేదంటే, ఆఫీసు నెట్‌వర్క్ మధ్యలో తన సర్టిఫికెట్‌ను చొప్పిస్తోందేమో ఐటీ విభాగాన్ని అడగండి. అదే నిజమైతే ఆ సర్టిఫికెట్‌ను జావాతో వచ్చే కీటూల్ కమాండ్‌తో మావెన్ వాడే జావాలోనే చేర్చాలి. ఇక్కడ కూడా మూడో లైను చూడాల్సిందే.

నెట్ బాగైన తర్వాత కూడా అదే తప్పు వస్తుంటే, విఫలమైన ప్రయత్నాన్ని మావెన్ రాసిపెట్టుకుందన్నమాట. కమాండ్‌కు పెద్ద అక్షరంలో ‘-యూ’ చేర్చితే మళ్లీ ప్రయత్నిస్తుంది. విసుగొచ్చి సుడోతో మాత్రం మావెన్‌ను నడపకండి, బిల్డ్‌లో తయారయ్యే ఫైళ్లు రూట్ (అడ్మిన్ ఖాతా) పేరు మీదకు పోతాయి. ఇప్పటికే నడిపేసి ఉంటే ‘సీహెచ్ఓన్ -ఆర్’తో ప్రాజెక్టు ఫోల్డర్‌ను తిరిగి మీ పేరు మీదకు మార్చుకోండి, ఈ ‘ఆర్’ కూడా పెద్ద అక్షరమే.