అత్యవసర సేవల డ్యూటీకి బూట్లు ఎలా ఎంచుకోవాలి?

అంబులెన్సు సిబ్బందికైనా, అగ్నిమాపక దళానికైనా, పోలీసులకైనా ఒక్క షిఫ్టులోనే బూటు కింద రకరకాల నేలలు పడతాయి. తడి టైల్స్, పగిలిన గాజు, బురద గట్టు, నిచ్చెన మెట్టు, డీజిల్ ఒలికిన రోడ్డు, స్ట్రెచర్ పట్టుకుని దిగాల్సిన ఇరుకు మెట్లు. అన్నిటికీ ఒకేలా పనికొచ్చే బూటు లేదు. అందుకే ఏ రక్షణ తప్పనిసరో ముందు తేల్చుకోవాలి. ఆ హద్దులో దొరికేవాటిలో మీ పాదానికి సరిపడే జతను వెతకాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మెత్తగా ఉందనో, తోటివాళ్లు వేసుకున్నారనో కొనేసి, కరుస్తుంటే దూదీ పట్టీలూ పెట్టుకుని నెట్టుకొస్తారు.

1. మీ పని ఎలాంటిదో రాసుకోండి

గత పది షిఫ్టులు గుర్తు చేసుకోండి. ఎన్ని గంటలు నిలబడ్డారు, ఎన్ని గంటలు బండిలో కూర్చున్నారు, ఎన్నిసార్లు మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది, కాలు ఏ నేల మీద జారింది? ఈ నాలుగు జవాబులతోనే సగం బూట్లు పక్కకు పోతాయి.

అంబులెన్సు పనికి కుట్లు తక్కువగా ఉన్న నున్నటి తోలు మంచిది. రక్తం, వాంతి కుట్ల సందుల్లోకి దిగితే కడిగినా పోవు. పరుగు, డ్రైవింగ్ ఎక్కువగా ఉన్న పోలీసు డ్యూటీకి తేలిక బూటు కావాలి. వీపు మీది బరువు కంటే పాదానికి కట్టిన బరువు ఎన్నో రెట్లు అలసట తెస్తుంది, ఎందుకంటే దాన్ని ప్రతి అడుగుకూ ఎత్తి దించాలి. అడవి మంటల పనికి పూర్తి తోలు బూటు, కనీసం 8 అంగుళాల ఎత్తు, లోతైన గాళ్లు (గాడులు) ఉన్న రబ్బరు సోల్ ఉండాలి. పక్కలకు నైలాన్ గుడ్డ వేసిన బూటు ఆ పనికి పనికిరాదు, వేడికి నైలాన్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాలుతున్న భవనంలోకి వెళ్లే బూటు పూర్తిగా వేరే రకం, దానికి వేరే ప్రమాణాలున్నాయి. రోజువారీ డ్యూటీ బూటుతో మంటల్లోకి వెళ్లకూడదు.

మీ శాఖ ఏ ప్రమాణం అడుగుతుందో, రంగు, ఎత్తు గురించి నిబంధనలేమిటో కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

2. నాలుక లోపలి ముద్ర చదవండి

బూటు నాలుక (లేసుల కింద ఉండే తోలు ముక్క) లోపలి వైపున గానీ, పక్కన కుట్టిన పట్టీ మీద గానీ ప్రమాణం సంఖ్య, గుర్తులు, తయారైన తేదీ ఉంటాయి. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) 20345 అని ఉంటే వేళ్ల మీద రక్షణ టోపీ ఉన్నట్టు. ఆ టోపీ 200 జౌళ్ల దెబ్బను, అంటే సుమారు మీటరు ఎత్తు నుంచి 20 కిలోల బరువు పడినంత దెబ్బను తట్టుకోవాలి. 15 కిలోన్యూటన్ల నొక్కుడును కూడా తట్టుకోవాలి, అది దాదాపు టన్నున్నర బరువు. ఐఎస్ఓ 20347 అని ఉంటే టోపీ ఉండదు. బరువైన వస్తువులు మీద పడే అవకాశం లేని పనికి ఇది చాలు, కాలికి హాయిగానూ ఉంటుంది.

తర్వాత అక్షరాలు. ఎస్1లో మూసిన మడమ, స్థిర విద్యుత్తును వదిలించే గుణం, మడమ కింద అదురును పీల్చే పొర ఉంటాయి. ఎస్2లో వీటికి తోడు పైతోలు కొంతసేపు నీటిని ఆపుతుంది. ఎస్3లో మేకులు దిగకుండా అడ్డుపొర, గాళ్లున్న సోల్ కూడా చేరతాయి. హెచ్‌ఆర్‌ఓ అంటే సోల్ 300 డిగ్రీల సెల్సియస్ వేడి తాకిడిని ఒక నిమిషం తట్టుకుంటుందని అర్థం. జారుడు పరీక్షకు పాత ముద్రల్లో ఎస్‌ఆర్‌ఏ (సబ్బునీళ్ల టైల్), ఎస్‌ఆర్‌బీ (గ్లిజరిన్ పూసిన ఉక్కు), ఎస్‌ఆర్‌సీ (రెండూ) అని ఉండేవి. 2022 సవరణ తర్వాత మామూలు జారుడు పరీక్ష దాదాపు అన్ని బూట్లకూ తప్పనిసరి అయింది, అదనపు పరీక్షకు ఎస్‌ఆర్ అని వేస్తున్నారు.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఒకటుంది. స్థిర విద్యుత్తును వదిలించే బూటు కరెంటు షాకు నుంచి కాపాడుతుందని కొందరు నమ్ముతారు. అది ఒంట్లో పోగైన విద్యుదావేశాన్ని మెల్లగా నేలలోకి పంపడానికి చేసింది, కాబట్టి కరెంటును కొంత పోనిస్తుంది. షాకును ఆపడానికి చేసిన సోల్ వేరు. అమెరికా ప్రమాణంలో దానికి ఈహెచ్ గుర్తు ఉంటుంది. అదీ పొడిగా, చిరుగు లేకుండా ఉన్నప్పుడే పనిచేసే రెండో వరుస రక్షణ. తెగిపడిన తీగ దగ్గర ఏ బూటునూ నమ్ముకోవద్దు.

తయారీ తేదీని వదిలేయకండి. పాలీయురేథేన్ మిడ్‌సోల్ (కింది సోల్‌కూ పాదానికీ మధ్య ఉండే మెత్తటి పొర) గాలిలోని తేమతో చర్య జరిగి, వాడకుండా పెట్టెలో ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. తగ్గింపు ధరకు దొరికిన పాత సరుకు మొదటి నెలలోనే సోల్ ఊడిపోవడానికి తరచూ కారణం ఇదే. రెండేళ్లు దాటిన జతను వదిలేయడం మేలు.

3. టోపీ, సోల్, తోలు

ఉక్కు టోపీ పల్చగా ఉండి గట్టిగా నిలుస్తుంది, కానీ చలికి చల్లబడుతుంది, ఎండకు వేడెక్కుతుంది, తనిఖీ ద్వారాల దగ్గర మోగుతుంది. కాంపోజిట్ (లోహం కాని మిశ్రమ పదార్థపు) టోపీతో ఈ ఇబ్బందులు లేవు. కాకపోతే అంతే బలం రావడానికి దాన్ని మందంగా చేస్తారు, అందుకే బూటు ముక్కు ఉబ్బుగా ఉంటుంది. మేకుల అడ్డుపొర విషయంలో ఉక్కు రేకు సన్నని మేకును కూడా ఆపుతుంది, కానీ అరికాలి అంచుల దాకా రాదు, వంగదు. నేత పొర అంచుల దాకా పరుచుకుంటుంది, బాగా వంగుతుంది, అయితే సన్నని మేకు దాన్ని దాటే ప్రమాదం కొంచెం ఎక్కువ. కూలిన కట్టడాల్లో తిరిగేవారు ఉక్కు వైపు, రోజంతా నడిచేవారు నేత పొర వైపు మొగ్గడం సబబు.

లోతైన గాళ్లు చూడ్డానికి గట్టి పట్టులా కనిపిస్తాయి. బురదలో, గడ్డిలో అది నిజమే. తడి టైల్ మీద మాత్రం నేలను తాకే రబ్బరు ఎంత ఉంది, అది ఎంత మెత్తన అన్నదే పట్టును నిర్ణయిస్తుంది. పెద్ద పెద్ద గాళ్లుంటే నేలకు తగిలే రబ్బరు తగ్గి, కాలు జారుతుంది. ఆసుపత్రి వరండాల్లో ఎక్కువ తిరిగేవారికి చిన్న చిన్న దిమ్మెలు, మధ్యలో నీరు పోయే సన్నని కాలువలు ఉన్న సోల్ నయం. నిచ్చెన ఎక్కేవారు మడమ ముందు అంచు నిటారుగా దిగి ఉందేమో చూడాలి. మెట్టుకు అడ్డం పడి కాలిని ఆపేది ఆ అంచే.

నీరు చొరని పొర ఉన్న బూటు వాన దేశాల్లో వరం. రక్తం లోపలికి ఇంకకుండా కూడా అది ఆపుతుంది. అయితే ఆ పొర గుండా చెమట ఆవిరి బయటకు పోవాలంటే బయటి గాలి లోపలికన్నా చల్లగా, పొడిగా ఉండాలి. ఉక్కపోత వాతావరణంలో అది సరిగా జరగక పాదం చెమటలోనే నానుతుంది. పై అంచు నుంచి నీళ్లు లోపలికి పోతే ఇక ఆ బూటు ఆరడానికి రోజులు పడుతుంది.

పక్క జిప్ రాత్రి పిలుపులకు నిమిషాలు కలిసొచ్చేలా చేస్తుంది. అది పాడయ్యేది సాధారణంగా చీలమండ దగ్గర మడతపడే చోట, అదీ ఇసుక చేరడం వల్ల. జిప్ వెనక తోలు లేదా గుడ్డ అడ్డు, పైన బిగించే పట్టీ ఉన్నదే తీసుకోండి. జిప్ మూసి ఉంచి లేసులు ఒకసారి సరిగ్గా కట్టుకుంటే, తర్వాత జిప్‌తోనే వేసుకోవచ్చు, విప్పుకోవచ్చు.

4. పాదాన్ని కొలవండి

సాయంత్రం, కొన్ని గంటలు నిలబడ్డాక కొలవాలి. రోజు గడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది. డ్యూటీ సాక్స్ వేసుకుని, కాగితం మీద నిలబడి బరువంతా ఆ కాలి మీద వేసి, పెన్సిల్ నిటారుగా పట్టి చుట్టూ గీయించండి. మీరే వంగి గీస్తే బరువు పక్కకు పోయి కొలత తప్పుతుంది. మడమ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి దాకా కొలవండి, చాలామందికి అది బొటనవేలు, కొందరికి రెండో వేలు. వెడల్పు కూడా కొలవండి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాని ప్రకారం వెళ్లండి.

యూరప్ సైజుల్లో ఒక్కో అంకెకు తేడా సుమారు 6.7 మిల్లీమీటర్లు. బ్రిటిష్, అమెరికన్ సైజుల్లో సుమారు 8.5. కంపెనీని బట్టి అచ్చు (బూటును దేని మీద తయారు చేస్తారో ఆ పాదం నమూనా) ఆకారం మారుతుంది కాబట్టి అంకెను మొదటి అంచనాగానే తీసుకోవాలి. పాదం వెడల్పైనవారు పొడవు పెంచి సర్దుకోవడం పెద్ద తప్పు. అలా చేస్తే బూటు వంగే చోటు వేళ్ల మొదళ్లకు ముందుకు జరిగిపోయి, మడమ లేస్తూ, అరికాలు నొప్పి పుడుతుంది. అదే పొడవులో వెడల్పు అచ్చు అడగండి. మడమ సన్నగా ఉండే ఆడవారికి వారి కోసమే చేసిన అచ్చు కావాలి, మగవారి బూటులో చిన్న సైజు దానికి బదులు కాదు.

5. దుకాణంలో అరగంట తీసుకోండి

తొందరపడకూడని చోటు ఇదే. మీ సాక్స్, ప్రత్యేక ఇన్‌సోల్ వాడితే అదీ వెంట తీసుకెళ్లండి.

ముందు బూటును చేతుల్లోకి తీసుకుని మడమనూ ముక్కునూ దగ్గరకు నొక్కండి. వేళ్ల మొదళ్లు వచ్చే చోట వంగాలి. నడుమ వంగితే సోల్ లోపల అరికాలిని మోసే గట్టి బద్ద బలహీనమని అర్థం, నిచ్చెన మీద అరికాలు కుంగిపోతుంది. బట్ట పిండినట్టు మెలిపెడితే సులువుగా తిరగకూడదు. రెండు బూట్లనూ బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి, ఏదైనా ఒక పక్కకు ఒరిగితే వద్దు. లోపల చెయ్యి పెట్టి కుట్ల ముడులు, జిగురు గడ్డలు తగులుతాయేమో తడమండి.

లోపలి ఇన్‌సోల్ తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. పొడవైన వేలి ముందు 10–12 మిల్లీమీటర్ల జాగా ఉండాలి, పాదం పక్కలకు పొంగి పోకూడదు. ఇన్‌సోల్ తిరిగి పెట్టి, లేసులు కట్టకుండా కాలు పెట్టి వేళ్లు ముందుకు తాకేదాకా జరపండి. మడమ వెనక ఒక వేలు దూరాలి. ఇప్పుడు మడమను నేలకు తట్టి వెనక్కి కూర్చోబెట్టి, కింది నుంచి పైకి లేసులు బిగించండి.

గట్టి నేల మీద నడవండి, తివాచీ మీద ఏ బూటైనా హాయిగానే ఉంటుంది. కొత్త గట్టి బూటులో మడమ 5 మిల్లీమీటర్ల దాకా లేచినా ఫరవాలేదు, సోల్ మెత్తబడితే తగ్గుతుంది. అంతకు మించితే బొబ్బలు ఖాయం. మెట్లు దిగండి. వేళ్లు ముందుకు గుద్దుకుంటే పొడవు చాలలేదు, లేదా పాదం పైభాగాన్ని బూటు పట్టుకోవడం లేదు.

గుండె ఆగినవారి ఛాతీ నొక్కేటప్పుడు కూర్చున్నట్టు వేళ్లు మడిచి రెండు నిమిషాలు మోకాళ్ల మీద ఉండండి. టోపీ వెనక అంచు వేళ్ల కణుపుల మీద నొక్కుతుందేమో తెలిసేది అప్పుడే. తోలు సాగుతుంది కానీ టోపీ సాగదు, కాబట్టి ఇక్కడ నొప్పి ఉంటే ఆ అచ్చు మీది కాదు. బూటు పై అంచు పిక్క కింద, మడమ వెనక నరం మీద కొరుకుతుందా అన్నది కూడా గొంతుకూర్చుంటే బయటపడుతుంది. ఇరవై నిమిషాలకు తిమ్మిరి, మంట మొదలైతే పక్కన పెట్టేయండి.

6. సాక్స్, లేసులు

నూలు సాక్స్ చెమటను పట్టి ఉంచుతుంది. నానిన చర్మం మెత్తబడి ఒరిపిడికి లేచిపోతుంది. ఉన్ని కలిసినవి, లేదా పాలియెస్టర్, నైలాన్ మిశ్రమం మేలు, పొడవు మాత్రం బూటు అంచుకు పైన ఉండాలి. మంటల దగ్గర పనిచేసేవారు కరిగే దారాలను పక్కన పెట్టి ఉన్నినే ఎంచుకోవాలి.

మడమ లేస్తుంటే చీలమండ మడత దగ్గర లేసును ఒక్క మెలిక బదులు రెండు మెలికలు వేసి బిగించండి. కింది బిగువు పైకి జారదు. పాదం పైన నొక్కుతుంటే ఆ చోట ఒక అడ్డ వరుస వదిలేసి నిటారుగా పైకి తీసుకెళ్లండి.

7. అలవాటు చేయడం, చూసుకోవడం

మొదటి మూడు రోజులు ఇంట్లో గంట, రెండు గంటలు. తర్వాత సగం షిఫ్టు, పాత జత బండిలో ఉంచుకుని. మందపాటి తోలుకు రెండు వారాలు పట్టొచ్చు. నీళ్లలో నానబెట్టి తొడగడం, వేడి చూపడం లాంటి చిట్కాలు తోలునూ జిగురునూ చెడగొడతాయి.

రక్తం పడితే చేతికి గ్లవ్స్ వేసుకుని వెంటనే చన్నీళ్లతో, తేలికపాటి సబ్బుతో తుడవండి. వేడినీళ్లకు రక్తం గడ్డకట్టి పట్టుకుంటుంది. ఆ తర్వాత తయారీదారు ఒప్పుకున్న క్రిమినాశని వాడండి. చిక్కటి బ్లీచ్ తోలును పెళుసు చేసి కుట్లను తినేస్తుంది. తడిసిన బూటులోంచి ఇన్‌సోల్ తీసి, నాలుక బయటకు లాగి, కాగితాలు కుక్కి, గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. హీటరు దగ్గర పెడితే తోలు ముడుచుకుని పగులుతుంది. వీలుంటే రెండు జతలు మార్చి మార్చి వాడండి. ఒక షిఫ్టు చెమట పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది, ఆరకుండా వేసుకున్న బూటు లోపలి నుంచి కుళ్లుతుంది.

టోపీ మీద పెద్ద దెబ్బ పడితే పైకి ఏమీ కనిపించకపోయినా ఆ జతను తీసేయాలి. మడమ బయటి వైపు గాళ్లు నున్నబడినా, మిడ్‌సోల్ పక్కన శాశ్వత ముడతలు పడినా, బల్ల మీద పెడితే ఒరుగుతున్నా దాని కాలం అయిపోయినట్టే. సోల్‌ను అంచు చుట్టూ కుట్టి చేసిన బూటుకు కొత్త సోల్ వేయించవచ్చు. జిగురుతో అంటించిన, అచ్చులో పోసిన సోల్ అలా మారదు. సోల్ మార్పించేటప్పుడు తయారీదారు ఒప్పుకున్న చోటే చేయించండి, వేరే రబ్బరు వేస్తే ముద్రలో రాసిన జారుడు, వేడి పరీక్షలు ఇక దానికి వర్తించవు. కొత్త జత తొడిగిన మొదటి రోజే నాలుక లోపల చెరగని సిరాతో తేదీ రాసిపెట్టుకోండి, నెలకోసారి సోల్ చూసేటప్పుడు ఎంత కాలానికి ఎంత అరిగిందో లెక్క తెలుస్తుంది.